ఏడవకూడని పది రోజులు

నేను ఒక ఎండోస్కోపుని. జానెడు పొడవు, పెన్సిలుకన్నా సన్నం. స్టీలు గొట్టం, లోపల గాజు కటకాలు, కొసన కన్ను. ఏదో చలిదేశంలో పుట్టి, స్పాంజి పెట్టెలో పడుకుని విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రికి వచ్చాను. మెదడు కింద, పుర్రె అడుగున గడ్డ లేస్తే ఒకప్పుడు తల కోసి తీసేవారట. నేనొచ్చాక ముక్కులోంచే దారి. నేను చూపిస్తాను, నా పక్కనుంచి పనిముట్లు వెళ్లి గడ్డని తీసుకొస్తాయి. మనుషులకి కోపం ముక్కు మీదే ఉంటుందంటారు. పదకొండేళ్లు వెతికాను. పైనా లేదు, లోపలా లేదు.

నిరుడు నా గాజు పగిలింది. ఇప్పుడు పాతసామాను బీరువాలో ఉన్నాను. ఎన్ని ముక్కులు చూశానో గుర్తులేదు. అసిరమ్మది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

ఆమె జూట్ మిల్లులో పనిచేసేది. కళ్ల నరాల మీద గడ్డ కూర్చోవడంతో పక్కచూపు పోయి, తలుపులకీ మనుషులకీ గుద్దుకునేది. "మిల్లులో అందరూ నాకు పొగరనుకున్నారమ్మా," అని డాక్టర్ హైమవతితో చెప్పి నవ్వింది. ఆపరేషన్ నాడు థియేటరు తలుపు దాకా మొగుడు చిన్నంనాయుడు వచ్చాడు. "ముక్కులోంచి తీస్తారట. తుమ్మకే, డాక్టరమ్మ మీద పడతాది," అన్నాడు. ఆమె నవ్వుతూనే లోపలికి వచ్చింది.

గడ్డ మొత్తం వచ్చేసింది. పుర్రె అడుగున పడ్డ కంతకి ముక్కులోపలి పొరతోనే మాటు వేశారు. అది అతుక్కునేదాకా పది రోజులు ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, ఏడవకూడదు. మాటు ఊడితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

ఆ సాయంత్రమే చిన్నంనాయుడు ఆసుపత్రి మెట్ల దగ్గర గుండె ఆగి పోయాడు.

కొడుకు తవిటినాయుడు హైమవతికి దండం పెట్టాడు. "అమ్మకి చెప్పకండి మేడం." ఆమె ఒప్పుకుంది. కోడలు అత్తగారితో "మావకి జ్వరం" అంది.

నాలుగో రోజు తవిటినాయుడు గుండుతో వచ్చాడు. గడ్డ పోయాక అసిరమ్మకి చూపు తిరిగొచ్చింది. ఆ చూపుతో ఆమె స్పష్టంగా చూసింది ఆ గుండునే.

"సింహాచలం మొక్కే అమ్మా. నీకు బాగైందని."

"మీ అయ్య కూడా కొండకొచ్చేడా?"

"ఆఁ, వచ్చేడు."

అబద్ధం ఆడేవాళ్లు ముందు కలిసి మాట్లాడుకోవాలి. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఆ తీరిక ఉండదు. అసిరమ్మ కొడుకు గుండు నిమిరింది. "మంచి పని చేసావు నాయనా," అంది.

మర్నాడు పొద్దున ఆమె ముక్కులోంచి నీరు కారింది. నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. మాటు ఊడిందేమోనని హైమవతి నన్ను చేతిలోకి తీసుకుంది. పైకి వెళ్లి చూశాను. మాటు గట్టిగా, పొడిగా ఉంది. నన్ను కిందికి తిప్పింది. కన్నీరు ముక్కులోకి దిగే సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. అక్కణ్నుంచి ఊరుతోంది. మొహం కదపకుండా, చప్పుడు చెయ్యకుండా ఆమె లోపలికే ఏడుస్తోంది.

హైమవతి నన్ను బయటికి తీసి, తవిటినాయుణ్ని మందులకి పంపింది. "మీకు తెలిసిపోయిందా అమ్మా?"

"నాకు తెలిసినట్టు వాడికి తెలీకూడదు తల్లీ. ఇంకా ఎన్నాళ్లు ఏడవకూడదు?"

"అయిదు రోజులు."

"అయితే ఆరోనాడు వాడిచేత సెప్పించు. అప్పుడే ఇన్నట్టు ఏడుస్తాను. నానొక్కదాన్నే ఏడిసినానని తెలిస్తే వాడు కుమిలిపోతాడు."

ఆ అయిదు రోజులూ పొద్దున్నే అద్దం అడిగి బొట్టు పెట్టుకుంది. కొడుకు వెళ్లేటప్పుడల్లా, "మీ అయ్యని అడిగేనని సెప్పు," అనేది.

పదకొండో రోజున నేను పక్కగదిలో ట్రేలో ఉన్నాను. తవిటినాయుడు చెప్పడం మొదలుపెట్టాడు. తరవాత ఆమె ఏడుపు వినిపించింది. అన్నమాట ప్రకారం అప్పుడే విన్నదానిలా ఏడ్చింది. "నాకెందుకు సెప్పనేదురా!" అని కొడుకుని కొట్టింది కూడా.

వాడు దెబ్బలు తింటూ, "ముక్కు చీదకే అమ్మా, ముక్కు చీదకే," అని బతిమాలుతున్నాడు.