పదహారో అంగ

ఒకే తప్పు ఒకే మనిషి చేతిలో మూడుసార్లు జరిగితే అది ఆ మనిషి స్వభావమా, లేక మరేదో ఆ మనిషి చేత చేయిస్తోందా?

లోరెన్ హెష్ ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు గానీ జవాబు కోసం ఆగలేదు. ఆగే ఓపిక ఆ గురువారం అతనికి లేదు. హైస్కూలు వెనక పార్కింగ్ స్థలంలో, ఇనుప మంచె మీద, మడత కుర్చీలో కూర్చుని చల్లారిపోయిన కాఫీ తాగుతున్నాడు. చుట్టూ మొక్కజొన్న కోతలు. ఇండియానా అక్టోబరు గాలి ఆ పొట్టునంతా తెచ్చి కళ్లలో కొడుతోంది. ఎల్లుండి మార్చింగ్ బ్యాండ్ల పోటీ సెమీస్. నెగ్గిన పది బ్యాండ్లే రాష్ట్ర ఫైనల్స్‌కు వెళ్తాయి. పోయినేడు ఈ స్కూలుది పదకొండో స్థానం.

ప్రదర్శన నిడివి ఎనిమిది నిమిషాలు. తొంభై నలుగురు పిల్లల్లో ఎవరు ఏ క్షణాన ఏ చుక్క మీద నిలబడాలో జనవరి నుంచి కూర్చుని రాసింది అతనే. బాకాలూ డ్రమ్ములూ వాయించేవాళ్లకూ, జెండాల జట్టుకూ, అందరికీ చుక్కలున్నాయి. అయిదో నిమిషంలో బ్యాండు మొత్తం ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక్క అమ్మాయి, ఒంటరిగా, పది గజాలు పదహారు అంగల్లో నడిచి, పక్కకు చూడకుండా చెయ్యి ఎత్తుతుంది. అదే గీత మీద ముప్పై అడుగుల దూరంలో నిలబడ్డ తోటి పిల్ల విసిరిన జెండా వచ్చి ఆ చేతిలో పడుతుంది. పడ్డ క్షణమే బాకాలు మోగుతాయి. తక్కిన ఏడున్నర నిమిషాలూ ఈ అర నిమిషం కోసమే రాశానని లోరెన్ మనసులో ఒప్పుకునేవాడు.

ఆ అమ్మాయి డార్సీ ఓగ్డెన్. స్కూల్లో ఆఖరి సంవత్సరం. మూడు పోటీల్లో మూడుసార్లూ ఆమె ఒక అంగ దాటిపోయింది. మూడుసార్లూ జెండా ఆమె మడమల వెనక పడింది. నిశ్శబ్దంలో జెండా కర్ర నేలను తాకిన చప్పుడు ఎలా ఉంటుందో, ఆ నిశ్శబ్దాన్ని రాసినవాడికే తెలుస్తుంది.

పోటీలు గడ్డి మైదానాల్లో జరుగుతాయి. సాధన చేసే ఈ పార్కింగ్ స్థలంలో మాత్రం ఆమె ఒక్కసారి కూడా జారవిడవలేదు. అందుకే అందరూ ఒకే మాట అన్నారు: జనాన్ని చూస్తే బెదురు. లోరెన్ కూడా అదే అన్నాడు, అదీ మైకులో. సెప్టెంబరులో ఒకరోజు డార్సీ మంచె దగ్గరికి వచ్చి, "సార్, గడ్డి మీద నేల పొట్టిగా ఉంటోంది" అంది. "నేల పెరగదు, తరగదు తల్లీ. ఎవరో తరుముతున్నట్టు నువ్వు పరిగెత్తకుండా ఉంటే చాలు, ఎక్స్‌ప్రెస్!" అన్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు. తొంభై ముగ్గురు నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె పేరు ఎక్స్‌ప్రెస్.

గడ్డి మీద సాధన చేయించే వీలుంటే ఈ బాధ ఉండేది కాదు. గడ్డి మైదానం ఫుట్‌బాల్ కోచ్‌ది, దాని తాళంచెవి అతని జేబులో. తొంభై జతల బూట్లు తొక్కితే తన పచ్చిక ఏమైపోవాలని అతని గోల.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ లోరెన్ డార్సీని పిలిచి, శనివారం ఆ నడక జెండాల జట్టులోని జోలిన్ చేస్తుందని చెప్పాడు. బ్యాండ్ డైరెక్టర్ గ్రాంట్ స్టౌటన్ పొద్దున ఫోనులో ఆ మాటే అడిగాడు. లోరెన్ కాదనలేదు. డార్సీ ఏడుస్తుందనీ, వాదిస్తుందనీ అనుకుని తనను తాను సిద్ధం చేసుకున్నాడు. ఆమె తెల్లని చేతి తొడుగులు తీసి అతని బల్ల మీద పెట్టింది.

"సరే సార్. జోలిన్‌కి నేనే నేర్పిస్తా, రెండు రోజులే ఉంది కదా."

ఆ పెద్దరికం అతనికి ఇంకా చిరాకు తెప్పించింది. తిట్టినా బావుండేది.

*

మూడుంపావుకు పిల్లలు బయటికొచ్చారు. లోరెన్ మైకులో గంటసేపు కట్టలు తెంచుకున్నట్టు అరిచాడు. ట్రంపెట్ల వరస వంకర. పెద్ద బాకా, ట్యూబా మోసేవాడు బూటు లేసు కట్టుకోలేదు. గాలికి జెండాలు కర్రలకు చుట్టుకుంటున్నాయి. ఒక్కొక్కటీ చిన్నదే. చిన్నవన్నీ కలిసి అతని మెడ నరాల్లో కూర్చున్నాయి.

అయిదో నిమిషం వచ్చింది. నిశ్శబ్దం. లౌడ్‌స్పీకర్‌లో తాళం టక్ టక్ మంటోంది. జోలిన్ నడిచింది. పదహారో అంగ వేసి ఆగి చెయ్యి ఎత్తింది. జెండా ఆమె ముందు, రెండడుగుల అవతల, తారు మీద పడింది.

"చుక్క దాకా రాలేదు! మళ్లీ!"

మళ్లీ రాలేదు. మూడోసారీ అంతే.

"ఏమ్మా జోలిన్, ఒకరు దాటిపోతారు, ఒకరు చేరరు. మీ ఇద్దర్నీ కలిపి సగం చేస్తే నాకు ఒక మనిషి దొరుకుతుందేమో!"

పక్కన నిలబడ్డ డార్సీ జోలిన్ చెవిలో ఏదో చెబుతోంది. గాలి ఇటు వీచడంతో మంచె మీదికి వినబడింది. "ఇక్కడ మామూలుగా వేస్తే చాలదే. కొంచెం సాగదియ్యాలి. మొదట్నుంచీ సాగదియ్యి, అప్పుడు సరిపోతుంది."

"సాగదియ్యడమేంటి?" లోరెన్ మైకులోనే అందుకున్నాడు. "అయిదు గజాలకు ఎనిమిది అంగలు. ఇరవై రెండున్నర అంగుళాలు. ఇక్కడైనా అంతే, చంద్రుడి మీదైనా అంతే. ఇలా కాదు, నేనే వస్తున్నా."

మెట్లు దిగుతుంటే మోకాళ్లు పట్టేశాయి. దిగి, జోలిన్ చుక్క మీద నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి, నలభై ఏళ్లుగా, ఈ ఇరవై రెండున్నర అంగుళాలు అతని కాళ్లలో ఉన్నాయి. కిరాణా కొట్టు నడవలో కూడా తెలియకుండా అదే అంగ వేస్తాడని భార్య నవ్వేది.

"గడ్డం పైకి. కిందికి చూడకూడదు. కాళ్లను నమ్మాలి. చూడండి."

తాళం మొదలైంది. అతను నడిచాడు. పదహారు. ఆగాడు. చెయ్యి ఎత్తాడు.

జెండా అతని ముందు, రెండడుగుల అవతల పడింది.

డ్రమ్ముల వైపు నుంచి ఎవడో అన్నాడు: "సార్ ప్యాసింజర్ బండిరా!"

నవ్వులు. లోరెన్ కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. మోకాళ్లే కారణం అనుకున్నాడు. వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాడు. మళ్లీ అక్కడే, అదే రెండడుగుల ఇవతల ఆగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వయసు అంగను తగ్గిస్తుంది నిజమే. కానీ వయసు రెండుసార్లూ ఒకే చోట ఆపదు. అంత కచ్చితంగా తప్పేది కొలత ఒక్కటే.

తల దించాడు. సీజను మొదలైన దగ్గర్నుంచి ఎవరినీ దించనివ్వని తల. నడిచొచ్చిన దారిలో, రెండు తెల్లగీతల మధ్య, వాననీటి కాలువ మీద వేసిన ఇనుప జాలీ ఉంది. ఈ వేసవిలోనే కొత్తగా తారు పోసినప్పుడు పెట్టారు. వెడల్పు రెండడుగులు.

అతనికి జులై గుర్తొచ్చింది. ఎండ, రంగు డబ్బాలు, టేపు చుట్ట పట్టుకుని, ఒక పిల్లవాడి తండ్రి వేన్. టేపు కొస పట్టుకున్నది లోరెన్. జాలీ దగ్గర టేపు కొస సందులోకి జారిపోతుంటే, "దీన్ని వదిలెయ్ వేన్, ఇనుము మీద రంగెలాగూ నిలవదు. అవతలి అంచు నుంచి కొలత పట్టు" అన్నాడు. అన్నది తనే. వేన్ అవతలి అంచు నుంచి పట్టాడు. జాలీని ఎవరూ లెక్కలో వేయలేదు.

"పది నిమిషాలు మంచినీళ్లు!" అని అరిచి, ట్రక్కులోంచి టేపు తెచ్చాడు. "డార్సీ, ఈ కొస పట్టుకో."

ఆమె వంగి మొదటి గీత మీద కొస నొక్కిపెట్టింది. అతను జాలీ మీదుగా టేపు పరిచి రెండో చివర చూశాడు. చూసి కూడా ఆమెను పిలిచాడు. "నువ్వు చదువు."

"ముప్పై రెండు అడుగులు." ఆమె అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. "ముప్పై ఉండాలి కదా సార్?"

"ముప్పై ఉండాలి."

ముప్పై రెండు అడుగులను పదహారు పెట్టి భాగిస్తే ఇరవై నాలుగు అంగుళాలు. అంగకు అంగుళమున్నర ఎక్కువ. ఆగస్టు నుంచి రోజూ ఆమె కాళ్లకు తను నేర్పింది అదీ. గడ్డి మీద నేల నిజంగానే పొట్టిగా ఉంది.

మరి తక్కినవాళ్లు? ట్రంపెట్లూ ఆ జాలీ దాటుతాయి, డ్రమ్ములూ దాటుతాయి. వాళ్లకెందుకు తప్పలేదు? ఆలోచించగానే తెలిసింది. వాళ్లు వరసలో నడుస్తారు. పోటీలో అంగ తేడా వస్తే కంటి కొసతో పక్కవాడి భుజం చూసి సర్దుకుంటారు. పదిమంది మధ్య తప్పు తలాకొంచెం పంచుకుని మాయమైపోతుంది. డార్సీ పక్కన భుజం లేదు. ఉండకూడదని రాసింది తనే. కిందికి చూడొద్దన్నదీ, కాళ్లను నమ్మమన్నదీ తనే. ఆమె చెప్పినట్టే చేసింది. లోరెన్ తప్పును చివరి అంగుళం దాకా నమ్మకంగా మోసినది ఆమె ఒక్కతే. అందుకే తిట్లన్నీ ఆమెకే దక్కాయి.

*

ఇదంతా దూరం నుంచి చూస్తున్న గ్రాంట్ స్టౌటన్ వచ్చాడు. విన్నాడు. టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"చచ్చాం. ఇంకెవరికైనా తెలుసా?"

"డార్సీకి తెలుసు."

"సరే, ఆమె చోటు ఆమెకిచ్చెయ్. కానీ మైకులో ఏం చెప్పకు. కొంచెం ముందే ఆగమను, చాలు."

"ఎందుకని చెప్పకూడదు?"

"ఎందుకంటే ఎల్లుండి సెమీస్, అందుకు! నేల తప్పని చెబితే తొంభై నలుగురూ తలలు దించి కాళ్ల వైపే చూస్తారు. ఇన్నాళ్లూ చుక్కని నమ్మండిరా అని మనమే కదా నూరిపోశాం. సీజన్ అయ్యాక చెప్పుకుందాం లోరెన్. పిజ్జా తినేటప్పుడు చెప్పు, అందరూ నవ్వుకుంటారు."

గ్రాంట్ అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే లోరెన్‌కు కష్టమైంది. ఆ సలహా పిరికిదైతే తోసేయడం తేలిక. అది తెలివైనది. శనివారం నెగ్గడానికి బహుశా అదే మంచి దారి.

డార్సీ టేపు చుడుతోంది. ఆమె దగ్గరికి వెళ్లాడు.

"సెప్టెంబరులోనే చెప్పావు."

"చెప్పా."

"నేను నవ్వాను."

"అందరూ నవ్వారు సార్." ఆమె టేపు చుట్ట అతని చేతిలో పెట్టింది. "నేనూ బెదురే అనుకున్నా. రోజూ రాత్రి మా గరాజ్‌లో కొలిచి నడిచి చూసుకునేదాన్ని. అక్కడా దాటిపోయేదాన్ని. అక్కడ బెదరడానికి ఎవరుంటారు? మా నాన్న కారు తప్ప."

ఆమె మాటలో ఎకసెక్కం లేదు. అది ఉంటే అతను కాస్త తేలికపడేవాడు. ఈ పిల్ల చోటు తిరిగిచ్చినంత మాత్రాన సరిపోదని అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా ఇస్తే, ఎక్స్‌ప్రెస్‌కి సార్ ఇంకో అవకాశం ఇచ్చాడనుకుంటారు. శనివారం మళ్లీ జారితే బెదురే అంటారు. తను చెయ్యని తప్పుకు ఆమె క్షమాభిక్ష పొందినట్టవుతుంది. పేరు మైకులో పెట్టాడు. తీయడం కూడా మైకులోనే జరగాలి. ఫైనల్స్ పోతే పోవచ్చు. ఆ భయం పోలేదు.

మంచె ఎక్కలేదు. కింద ఉన్న చేతి మైకు తీసుకుని, జాలీ మీద నిలబడ్డాడు. గ్రాంట్ టోపీ నెత్తిన పెట్టుకుని పక్కకు తిరిగాడు.

"అందరూ వినండి. ఈ జాలీ ఉంది చూశారా, రెండడుగులు. జులైలో గీతలు కొలిచినప్పుడు నేను దీన్ని వదిలేశాను. వేన్ కాదు, నేను. అంచేత ఇక్కడ పది గజాలు పది గజాలు కావు. డార్సీ మూడుసార్లు దాటిపోయింది ఆమె బెదిరి కాదు. నేను నేర్పింది నేర్పినట్టు నడిచింది కాబట్టి. ఆ సంగతి ఆమె నాకు సెప్టెంబరులో చెప్పింది. నేను జోకు వేశాను, మీరు నవ్వారు. ఆ పేరు ఇవాళ్టితో సరి. ఇంకెవరి నోటా వినబడకూడదు, ముందు నా నోట. తక్కినవాళ్ల చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటాయి. వరసలో పక్కవాడి భుజం చూసుకోండి, ఎప్పటిలాగే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు కాళ్ల వైపు చూసుకున్నారు, గ్రాంట్ భయపడ్డట్టే. ట్యూబా పిల్లవాడు జాలీని బూటుతో తన్ని చూశాడు. జోలిన్ మాత్రం పైకే, "హమ్మయ్య! దేవుడున్నాడు" అని చేతి తొడుగులు విప్పడం మొదలుపెట్టింది.

డార్సీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "నా కాళ్లకి ఇరవై నాలుగు అలవాటైపోయింది సార్. రెండు రోజుల్లో మరిచిపోతాయా?"

"తెలీదమ్మా."

"సరే, మొదలెడదాం" అంది.

లోరెన్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. తారు మీద మోకాలు ఆన్చి, రంగు గీతకు రెండడుగుల ఇవతల టేపు పెట్టి కొలిచి, ఇంటూ గుర్తు గీశాడు. అక్కణ్నుంచి ముప్పై అడుగుల పక్కన, జెండా విసిరే పిల్లకు ఇంకొకటి గీశాడు. రెండూ మరోసారి కొలిచాడు. లేచి, సుద్ద చేత్తోనే జోలిన్ దగ్గర తొడుగులు తీసుకుని డార్సీకి ఇచ్చాడు.

"తాళం మొదలుపెట్టండి" అన్నాడు.