మేస్త్రి చేతి నునుపు

తమ్ముడి ఫొటో పేపర్లో పడ్డ రోజు పెద్దమేస్త్రికి ముద్ద గొంతు దిగలేదు. ఆ మాట పైకి అనలేదనుకోండి. తలనొప్పిగా ఉందని భార్యతో చెప్పి కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె తలకు రాయడానికి మందు వెతికిపెట్టింది. పూయాల్సిన చోటు తల కాదని ఆమెకు తెలియదు పాపం.

తమ్ముడు వెల్డింగు పని చేస్తాడు. తల నెరుస్తున్నా ఇంట్లోనూ వీధిలోనూ వాడు ఇంకా బుడ్డోడే. చిన్నప్పుడు అన్న దగ్గర తాపీ పని నేర్చుకుందామని వచ్చి, గోడ నిలువు చూసే తూకం గుండు తిన్నగా పట్టుకోవడం చేతకాక రోజూ తిట్లు తిని, చివరికి ఇనుము పనిలోకి పారిపోయినవాడు. అలాంటివాణ్ణి ఊరు ఊరంతా ఆకాశానికెత్తేస్తుంటే అన్నకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

వాడు చేసింది ఇదీ. వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టరుగారికి పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీ పాలయ్యారు. ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. మెట్లు దింపాలంటే మనుషులు కావాలి, మనుషుల్ని పిలవాలంటే ఆయనకు మొహమాటం. దాంతో ఆయన వీధి మొహం చూడటమే మానేశారు. బుడ్డోడు ఒక సెలవురోజు తన షాపులో మిగిలిన, పైన గరుకు గళ్ళు తేలిన గళ్ళరేకు ముక్కలు అతికించి, ఆ మెట్ల మీద ఏటవాలుగా పరిచేలా ఒక ర్యాంపు చేసి పడేశాడు. మనవరాలు వెనక నుంచి పట్టుకుంటే మాస్టారు మూలమీది కొట్టుదాకా వెళ్ళి, తన పేపరు తనే కొనుక్కుని ఇంటికొచ్చారు.

అక్కడితో ఆగితే పెద్దమేస్త్రికి తిండి సయించేదే. ఇనప సామాన్ల కొట్టు యజమాని అది చూశాడు. ఆయన పిసినారి అని లోకమంతా చెప్పుకుంటుంది, అయినా ఆ పూట మనసు కరిగింది. ఇలాంటిది అవసరమైన ప్రతి ఇంటికీ ఇనుము నేనిస్తాను, పని నువ్వు చెయ్ అని బుడ్డోడితో అన్నాడు. బుడ్డోడు కూలి మాటెత్తకుండానే సరేనని తలూపాడు. ఆ తర్వాత పేపరువాళ్ళొచ్చారు. పేపరు చూసి పురపాలక కార్యాలయంలో కదలిక వచ్చింది. ఇకమీదట తమ భవనాల్లో మెట్లున్న ప్రతిచోటా ర్యాంపు ఉండి తీరాలని తీర్మానం కూడా చేసేశారు. ఒకడు మొదలుపెడితే ఒకాయన సరుకిచ్చాడు, దాన్ని ప్రభుత్వం నెత్తినెత్తుకుంది. అందరూ సంతోషంగానే ఉన్నారు, ఒక్క పెద్దమేస్త్రి తప్ప.

ఫొటో ఒక్కటే అయితే ఎలాగో దిగమింగేవాడు. దాని కింద రాసిన వాక్యం ఉంది చూశారూ, అది గుచ్చుకుంది. ‘ఇంటి ముందు మెట్లే మాస్టారికి జైలు గోడలయ్యాయి’ అని రాశాడా పేపరువాడు. ఆ మెట్లు కట్టింది పెద్దమేస్త్రి. అతని మెట్లంటే మాటలు కాదు. అంచులు కోసిపెట్టినట్టుంటాయి, పైభాగం అద్దంలా మెరుస్తుంది. కట్టిన రోజున ఆ మాస్టారే చెయ్యి వేసి నిమిరి మురిసిపోయారు. ఊళ్ళో సగం మెట్లు అతని చేతి మీదుగా లేచినవే. ఏనాడూ ఎవడూ వచ్చి ఫొటో తియ్యలేదు. పనికిరాని రేకులు అతికించినవాడు దేవుడైపోయాడు, ఒళ్ళు వంచి కట్టినవాడు జైలు కట్టినవాడయ్యాడు అనుకుంటూ లోపల్లోపల ఉడికిపోయాడు.

ఇదిలా ఉంటే భార్య ఆ పేపరు కత్తిరించి బీరువా తలుపుకు అంటించింది. మరిదంటే ఆమెకు మొదటి నుంచీ కన్నకొడుకంత ప్రేమ. చొక్కా కోసం తలుపు తీసినప్పుడల్లా తమ్ముడు పళ్ళికిలించి కనిపించేవాడు. కొన్నాళ్ళు పెద్దమేస్త్రి ఒకే చొక్కా తిప్పి తిప్పి వేసుకున్నాడు.

అలాంటి సమయంలో గ్రంథాలయం పని వచ్చింది. అక్కడికి కొత్తగా లైబ్రేరియన్‌ని వేశారు. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. అంతవరకూ పెద్దాఫీసు వెనక, కిటికీ లేని గోడౌనులో కూర్చుని పుస్తకాలకు నంబర్లు అంటించేది. పరీక్ష రాసి, గెలిచి, ఈ పోస్టు తెచ్చుకుంది. చెప్పిన తేదీకి వచ్చి చేరితేనే పోస్టు ఆమెది, లేకపోతే తర్వాతివాళ్ళకు పోతుంది, ఆమె మళ్ళీ గోడౌనుకే. గ్రంథాలయానికేమో ఎత్తయిన మెట్లు. అవీ మన మేస్త్రి కట్టినవే.

పురపాలక ఇంజినీరు బుడ్డోడికి కబురు పెట్టబోతున్నాడని విని పెద్దమేస్త్రి నిప్పు తొక్కినవాడిలా ఆఫీసుకు పరిగెత్తాడు. ప్రభుత్వ భవనానికి రేకుముక్కలేంటని అడిగాడు. సిమెంటుతో కడితే తరాలు నిలుస్తుందన్నాడు, కూలి తనకూ అక్కర్లేదన్నాడు. ఇంజినీరు అతని పెద్దమనసుకు పొంగిపోయి దండం పెట్టాడు. అది మనసు కాదు, మంట. కానీ పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కదా. ఇంకో విచిత్రం చూడండి. సిమెంటు కొట్టాయనకు ఇనప కొట్టాయన పేరు వింటేనే గిట్టదు. విషయం తెలియగానే అడక్కుండానే బస్తాలు దింపించాడు.

ఎంత పొడవుండాలో, ఎంత వాలుండాలో ఇంజినీరు దగ్గరుండి కొలిచి గీసిచ్చాడు. వెళ్ళేముందు, పైన నున్నగా చెయ్యొద్దు, గరుగ్గా వదిలెయ్యమని చెప్పాడు. ఆ మాటతో పెద్దమేస్త్రికి తల కొట్టేసినట్టయింది. తాపీ పట్టినవాడితో గరుగ్గా వదిలెయ్యమనడమంటే వంటమనిషితో పచ్చిగా వడ్డించమన్నట్టే. ఇంజినీరు బుర్రలో ఇంకా బుడ్డోడి గళ్ళరేకే తిరుగుతోందని, అందుకే అలా అన్నాడని తేల్చేసుకున్నాడు.

వాలు గీసినట్టే కట్టాడు. పైన మాత్రం తన విద్యంతా చూపించాడు. సిమెంటు పాలు పోసి, బోర్లా వంగి, నడుము విరిగేలా తాపీతో రుద్దాడు. ఆరుతున్న కొద్దీ మళ్ళీ రుద్దాడు. గోనెలు కప్పి నీళ్ళు పట్టి, అవి తీసిన రోజు చూస్తే పక్కనున్న చెట్టు నీడ అందులో ఆకులతో సహా కనిపించింది. ఫొటోలో ఇది ఎలా పడుతుందో అనుకుని మీసం దువ్వుకున్నాడు.

బుడ్డోడు చూడ్డానికొచ్చాడు. గొంతుక్కూర్చుని అరచేత్తో నిమిరాడు. నీ చేతిపని ఇంకెవరికీ రాదని మనస్ఫూర్తిగా అన్నాడు. తర్వాత కాస్త నసిగాడు.

“ఇంత నునుపైతే తడిసినప్పుడు చక్రం పట్టుకోదేమో అన్నయ్యా. ఇప్పుడే అడ్డంగా గీతలు పెట్టేద్దాం. నేనూ ఓ చెయ్యి వేస్తాను.”

పెద్దమేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. “నాకు పని నేర్పేంత వాడివయ్యావట్రా? రేపు పేపర్లో నా ఫొటో పడుతుందని కుళ్ళు నీకు.”

బుడ్డోడి మొహం చిన్నబోయింది. లేచి, ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్న కుళ్ళంతా తన సంచిలో పెట్టుకుని తమ్ముడి జేబులు వెతికినట్టుంది అన్నగారి వరస.

లైబ్రేరియన్ చేరాల్సింది మర్నాడనగా, ముందు ఒకసారి ఎక్కి చూసుకుందామని తల్లిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం వచ్చింది. పెద్దమేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్ళాడు. తెల్లారితే అధికారులు వస్తారని వాచ్‌మన్ అప్పుడే మెట్లూ ర్యాంపూ కడిగిపెట్టాడు. తల్లి వెనక నుంచి తోయబోతే కూతురు వద్దంది. రోజూ వచ్చి ఎవరు తోస్తారు, నేనే ఎక్కాలి అంటూ చక్రాల మీద చేతులు వేసింది.

సగం దూరం బాగానే వెళ్ళింది. అక్కడ చక్రం ఒక్కసారిగా జారింది. ఆమె చేతులు చక్రాన్ని బిగించి పట్టుకునే ఉన్నాయి, చక్రం తిరగడం లేదు, అయినా కుర్చీ వెనక్కి జారుతూనే ఉంది. పెద్దమేస్త్రి ఏం ఆలోచించాడో అతనికే తెలియదు, వెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. కుర్చీ వచ్చి ముంజేతికీ మోకాలికీ కొట్టుకుంది. అతను కూలబడ్డాడు, కుర్చీ అతని మీద ఆనుకుని ఆగింది.

“నీళ్ళ వల్లమ్మా. ఆరితే ఏం ఉండదు” అన్నాడు కింద నుంచే.

“వానలు రావా మేస్త్రిగారూ?” అందామె. గొంతులో కోపం లేదు. “మెట్లే ఉంటే రాలేనని ముందే తెలిసేది. దీన్ని చూసి ఆశపడ్డాను.”

తల్లి ఆమెను తీసుకెళ్ళిపోయింది. పెద్దమేస్త్రి ఆ తడి మీద నుంచి లేచాడు. తర్వాత ఉలీ సుత్తీ తెచ్చి గీతలు కొట్టబోయాడు. అతని పని అంత గట్టిది మరి, ఉలి దెబ్బకు గీత పడలేదు, పెచ్చులు లేచాయి. ఇలా కొడితే తెల్లారేసరికి గుంటలే మిగులుతాయి. రాతిని కోసే మిషన్ కావాలి. అది ఎవరి దగ్గరుందో అతనికి తెలుసు. ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని ఎంత ఆలోచించినా ఇంకో మొహం గుర్తు రాలేదు.

కుంటుకుంటూ తమ్ముడి షాపుకు వెళ్ళాడు. బుడ్డోడు కళ్ళకు అద్దాలు పెట్టుకుని గేటు అతికిస్తున్నాడు. అన్నను చూసి అద్దాలు పైకెత్తాడు.

“ఒరే, నీ కటింగ్ మిషన్ కావాలి” అన్నాడు పెద్దమేస్త్రి. ఆ మాట బయటికి లాగడానికి పన్ను పీకించుకున్నంత పనైంది.

బుడ్డోడు ఏమైందని అడగలేదు. మోకాలు చూశాడు, మిషన్ తీసి భుజాన వేసుకున్నాడు, దారిలో మాస్టారింట్లో ఆగి ఆయన కుర్చీ కూడా అడిగి తెచ్చాడు. నేను ముందే చెప్పానుగా అన్న ఒక్క మాట వాడి నోట్లోంచి రాలేదు. వచ్చుంటే ఎంత బాగుండేది! నాలుగు తిట్లు తిట్టి తేలికపడేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వనందుకు తమ్ముడి మీద ఇంకాస్త మండింది.

పెద్దమేస్త్రి దారం పట్టి గీత వేశాడు, బుడ్డోడు ఆ గీత వెంట కోశాడు. వాడి గీత వంకర పోతుంటే చూడలేక కాసేపటికి మిషన్ తనే లాక్కున్నాడు. తన నునుపు తన చేత్తోనే కోసుకుంటూ పైదాకా వెళ్ళాడు. ఇద్దరి తలలూ బూడిద పోసుకున్నట్టయ్యాయి. దీపాలు వెలిగే వేళకు ర్యాంపంతా గీతలు పడి, చూడ్డానికి అచ్చం గళ్ళరేకులాగే తయారైంది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఊరుకున్నారు.

బుడ్డోడు బక్కెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు. పెద్దమేస్త్రి మాస్టారి కుర్చీలో కూర్చుని తనే ఎక్కుతానన్నాడు. కూర్చున్నాక తలెత్తితే ఎదురుగా మెట్లు కనిపించాయి. తను కట్టినవే, అన్నాళ్ళూ పై నుంచి చూసి మురిసిపోయినవే. ఆ ఎత్తు నుంచి చూస్తే పైభాగాల మెరుపేదీ కనబడలేదు. ఒకదాని మీద ఒకటి నిలువు గోడలే కనిపించాయి. పేపరువాడు అబద్ధం రాయలేదు. అతను చక్రాలు తిప్పాడు, మోకాలు సలుపుతుంటే తిప్పుతూనే ఉన్నాడు. కుర్చీ జారలేదు. తమ్ముణ్ణి పంపించి, రేపు తప్పకుండా రమ్మని లైబ్రేరియన్ ఇంటికి కబురు చేశాడు.

మర్నాడు ఆమె అధికారులకంటే ముందే వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పక్కన నిలబడ్డారు. ఆమె ఒళ్ళో సంచి ఉంది, నుదుటి మీద చెమట ఉంది. ఆగలేదు, చుట్టూ చూడలేదు, చక్రాలు తిప్పుకుంటూ పైకి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని బీరువా తాళాలడిగి, పుస్తకాల గదికి బూజు ఎప్పుడు దులిపారని కేకలేసి, లోపలికి పోయింది.

పెద్దమేస్త్రి నోట్లో సిద్ధంగా పెట్టుకున్న ‘దానిదేముందమ్మా’ అక్కడే ఉండిపోయింది. ఒక్క మాటైనా అనలేదే అనుకున్నాడు. వెంటనే, ఇన్నేళ్ళుగా తన మెట్లెక్కిన వాళ్ళలో మాత్రం ఎవరన్నారు అనిపించింది. నడిచేవాళ్ళు ఎవరి పని మీద వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు. ఈమె కూడా అలాగే వెళ్ళింది. పోనీలే, తమ్ముడికీ చెప్పలేదు కదా అని కాస్త ఊరట పడి పక్కకు చూశాడు.

బుడ్డోడు ఏడుస్తున్నాడు. మొహమంతా నవ్వుగా ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా వాడికి తోచడం లేదు. “ఎక్కేసింది అన్నయ్యా” అంటున్నాడు, తన సొంత కూతురెవరో ఎక్కినట్టు.

ర్యాంపు కట్టింది తను. కోసింది తను. మోకాలు పగిలింది తనది. ఆనందం మాత్రం వాడికొచ్చింది, అది కూడా అడక్కుండా, ఉత్తినే. పెద్దమేస్త్రి తనలో వెతికి చూసుకున్నాడు. ఆమె వెళ్ళిందన్న తృప్తి ఉంది కానీ, ఈ కన్నీళ్ళు లేవు. ఫొటోదేముంది, అది ఎవరైనా తీస్తారు. వాడి దగ్గరున్న ఇది ఎక్కడ దొరుకుతుందో, ఎవర్ని బతిమాలితే ఇస్తారో అతనికి తెలియలేదు.

“ఏంటన్నయ్యా అలా చూస్తున్నావు?”

“నిన్ను చూసి ఓర్వలేకపోతున్నానురా” అన్నాడు పెద్దమేస్త్రి.

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడితో అంత నిజం అతనెప్పుడూ చెప్పలేదు. బుడ్డోడు అది వేళాకోళం అనుకుని, కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.