గోవిందరాజు చదవని కాగితం

బెంగాల్‌లోని గార్డెన్ రీచ్ డాకులో బస్తాలు మోసే ఆ ముఠాలో పదకొండు మంది. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. చదువొచ్చినవాడు గోవిందరాజు ఒక్కడే. యూనియన్ పెట్టిన బడిలో బెంగాలీ నేర్చుకున్నాడు. అన్నాల వేళ యూనియన్ పత్రిక చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడు. అందుకు ముఠా ఇచ్చే కూలి ఒకటుంది. చదివిన రోజు అతని వంతులో ఇరవై బస్తాలు మిగతావాళ్లు మోసేవారు. అది ఎవరూ రాసుకున్నది కాదు, ఎవరూ ఎగ్గొట్టిందీ లేదు. చదువుకు వాళ్లు వీపులతో ఇచ్చిన గౌరవం అది.

ఆ గౌరవం గోవిందరాజు తలకెక్కింది.

1991 వానాకాలంలో ఒక శనివారం కంపెనీ కాగితాలు వచ్చాయి. పేజీ నిండా ఇంగ్లీషు, అడుగున వేలిముద్రకు ఖాళీ. యూనియన్ నాయకుడు సమీరన్ బాబు వాటిని గోవిందరాజు చేతిలో పెట్టాడు.

"కొత్త యంత్రాలొస్తున్నాయి దాదా. పేర్లు మళ్లీ ఎక్కించాలి, అంతే. మీవాళ్లకు చదివి చెప్పు. సోమవారం వచ్చి తీసుకుంటా" అన్నాడు బెంగాలీలో.

గోవిందరాజుకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాదన్న మాటా నోటికి రాలేదు. కళ్లజోడు పెట్టుకుని, పేజీ మీద వేలు నడుపుతూ, సమీరన్ బాబు చెప్పిందే చదివినట్టు చెప్పాడు.

"అంత కాయితంలో ఇంతేనేటి?" అన్నాడు ముఠాలో పెద్దవాడు గవరయ్య.

"ఇంగిలీసోడు పొడుగ్గా రాస్తాడు మావా."

"సర్లే. నువ్వు సదివినావు గదా. సోమారం ఏలిముద్ర ఏసేద్దుం."

నువ్వు చదివావు కదా. ఆ మాట వదలక గోవిందరాజు రాత్రి రెండుసార్లు లేచి కాగితం తీసి చూశాడు.

ఆదివారం పొద్దున్నే కూతురు మంగాదేవిని పిలిచి కాగితం ముందు పెట్టాడు. ఆ పిల్ల సర్కారు బెంగాలీ బడిలో ఏడో తరగతి. అక్కడ ఇంగ్లీషు మొదలయ్యేదే ఆరులో. పేదపిల్లలకు తల్లిభాష చాలని పత్రిక రాస్తే ముఠాకు గొంతెత్తి చదివింది ఈ గోవిందరాజే. "మరి సమీరన్ బాబు కొడుకు టై కట్టుకుని ఏ బడికెల్తన్నాడు?" అని గవరయ్య అడిగితే, "రాజకీయం నీకు తెల్దు, ఊరుకో మావా" అన్నదీ ఇతనే.

మంగాదేవి ఇంగ్లీషు-బెంగాలీ డిక్షనరీ ముందేసుకుని ఒక్కో మాటా వెతికింది. గంటన్నర పట్టింది. సగం మాటలు దొరకలేదు. దొరికినవి చాలు.

"ఇది పదత్యాగ్, నాన్నా."

"అంటే ఏటి?"

"పని మీకు మీరే ఒగ్గేసినట్టు. ఇక్కడేమో దాబీ. కంపెనీ మీద ఏ దాబీ ఉండదని రాసినాడు."

దాబీ. హక్కుగా అడిగేది. పదేళ్లుగా ఎర్రజెండా పట్టుకుని ప్రతి ఊరేగింపులో మెడనరాలు ఉబ్బేలా గోవిందరాజు అరిచిన మాట అదే. దాన్నే వదులుకుంటామని రాసిన కాగితాన్ని తన వాళ్లకు తనే చదివి పెట్టాడు.

"నిన్న నువ్వే సదివినావని అమ్మ సెప్పింది" అంది పిల్ల.

గోవిందరాజు కాగితం తీసి మడతపెట్టాడు.

సోమవారం పని మొదలవకముందే ముఠాను కూర్చోబెట్టాడు.

"నాకు ఇంగిలీసు రాదు. శనివారం నేను సదవనేదు. సమీరన్ బాబు సెప్పిందే సెప్పినాను. ఇందులో ఏలేస్తే పని పోద్ది."

గవరయ్య బీడీ ఆర్పాడు.

"ఇన్నేళ్లూ సదివిందంతా ఇంతేనేటి?"

"బెంగాలీ సదివింది నిజమే మావా. అందులో ఉన్నది సదివినాను. ఏటి రాయకుండా ఒగ్గేసినారో ఒక్కనాడూ అడగనేదు. నువ్వడిగితే నోరు మూయించినాను."

సమీరన్ బాబు వచ్చేసరికి పదకొండు కాగితాలూ ఖాళీగానే ఉన్నాయి.

"చదివి చెప్పలేదా?"

"మా గుంట మంగాదేవి సదివింది బాబూ. పదత్యాగ్ అని ఉందట."

"రెండేళ్ల ఇంగ్లీషుతో ఆ పిల్లకేం తెలుస్తుంది?"

"తెల్దు గదా. అయితే మీ అబ్బాయిని తీసుకురండి. పలక పట్టిన్నాటి నించీ ఇంగిలీసే గదా. ఇక్కడ నిలబడి పైకి సదవమనండి. ఇది పేర్లెక్కించడమేనని ఆడంటే ఏలేస్తాం."

సమీరన్ బాబు కాగితాలు లాక్కుని, "పస్తులుంటే తెలుస్తుంది మీకు" అని వెళ్లిపోయాడు. ఆ మాట ఉత్త బెదిరింపు కాదని అందరికీ తెలుసు. యంత్రాలు రాక మానవు. కానీ తమ చేత్తో తమ పని రాసివ్వలేదు.

మధ్యాహ్నం గోవిందరాజు పత్రిక తెరవలేదు. అతని ఇరవై బస్తాలు అలాగే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. అడగడానికి అతనికి ముఖం లేదు. ఒక్కొక్కటే మోశాడు. అంత మోత అలవాటు తప్పిన వీపు పదో బస్తాకే మండింది. చివరి బస్తా ఎత్తుకోలేక ఆగిపోతే గవరయ్య లేచివచ్చి, బస్తా పైకెత్తి అతని వీపు మీద సర్దాడు.

"రేపు పత్రిక తే" అన్నాడు. "సదివినాక మేం అడుగుతాం. తెల్దంటే తెల్దని సెప్పాల."

బస్తా కింద నుంచి గోవిందరాజు తల ఊపాడు.