ఐదింటి గడి

కుక్కర్ రెండో కూత కూసేలోపు ఆమె ల్యాప్‌టాప్‌లో మూడో సాఫ్ట్‌వేర్ తెరిచింది. నోట్‌బుక్ పేజీలు సొంతంగా వేసుకోవడానికి ఇన్ని రకాలున్నాయని వారం కిందటి దాకా ఆమెకు తెలియదు. కంటి ఆసుపత్రి రికార్డుల గదిలో పదమూడేళ్లుగా స్కేలు పెట్టి రిజిస్టర్లకు గడులు గీస్తోంది. అక్కడ అందరికీ ఆమె రిజిస్టరమ్మ. ఆ రిజిస్టర్లు కుట్టే బైండింగ్ షాపావిడ గీతలు చూసి అడిగింది: "ఉద్యోగం చేసే ఆడవాళ్లకి పనికొచ్చే డైరీ పేజీ ఒకటి వేసివ్వండి. మీ పేరు వేసి రెండొందల పుస్తకాలు కుడతాను. శనివారానికల్లా ఫైల్ కావాలి." తన పేరు అచ్చులో ఆమె చూసుకున్నది ఒక్కసారే, పెళ్లి కార్డు మీద.

మొదటి సాఫ్ట్‌వేర్ చూడముచ్చటగా ఉంది, అంచుల నిండా పూలూ లతలూ. కానీ అందులో రోజు ఎనిమిదింటికి మొదలవుతుంది. పైన ఇంకో గడి చేరుద్దామంటే ససేమిరా అంటుంది. ఎనిమిదింటికి! అప్పటికి ఆమె నీళ్లు పట్టి, అత్తగారికి ఉప్పు లేకుండా వేరే, మిగతా అందరికీ వేరే వండి, పాపకు జడలు వేసి, బస్సు కోసం పరుగెడుతూ ఉంటుంది. మూడు గంటల చాకిరీకి పేజీలో చోటే లేదు.

"ఎనిమిదికి ముందు రాసుకునేంత పనేముంటుంది?" అన్నాడు భర్త, ఆమె అందించిన కాఫీ తాగుతూ.

"మా రోజుల్లో ఇవన్నీ రాసుకున్నామా?" అని అత్తగారు వంత పాడింది. రాసుకోలేదు గనకే ఎవరికీ తెలియలేదు, అనుకుంది ఆమె.

రెండోది భర్త తెచ్చి ఎక్కించాడు. వాళ్ల ఆఫీసులో అదే వాడతారట. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! ఒక్క గీతకు నాలుగు మెనూలు దాటాలి. "నీకెందుకు, నేను చేస్తా జరుగు" అని ఆయనే కూర్చుని పేజీ వేశాడు. రెండు వైపులా ప్రింట్ తీస్తే, వెనక పేజీలో గడుల చివరలన్నీ కుట్టు పడే చోటికి వచ్చాయి. ముందు పేజీకి కుట్టు ఎడమన పడితే వెనక పేజీకి కుడిన పడుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆమె కాగితం మడిచి చూపించింది. ఆయన చెవి గోక్కున్నాడు.

మూడోది వట్టి తెల్ల కాగితంలా ఉంది. హంగూ ఆర్భాటం లేవు. గీతల మధ్య ఎన్ని మిల్లీమీటర్లో అంకె వేస్తే అంతే దూరం. పేజీ మారితే కుట్టు అంచు కూడా పక్క మారుతుంది. ఆమె మొదటి గడిలో ఐదు గంటలు అని వేసింది. సాఫ్ట్‌వేర్ ఎందుకని అడగలేదు. ప్రింట్ తీసి స్కేలు ఆనించి చూసింది. గీతల మధ్య తను అడిగిన ఏడు మిల్లీమీటర్లే, వెంట్రుకవాసి తేడా లేదు. తన పని తనకే ముద్దొచ్చింది. శుక్రవారమే ఫైల్ పంపేసింది.

రెండు వారాలకు షాపావిడ నాలుగు పుస్తకాలు ఇంటికే తెచ్చిచ్చింది. "సగం అప్పుడే అమ్ముడుపోయాయి. ఇది మగాడు వేసిన పేజీ కాదని తెరవగానే కనిపెట్టేస్తున్నారు!" వెనక అట్ట మీద తన పేరును ఆమె వేలితో తడిమి చూసుకుంది.

భర్త కూడా మురిసిపోయాడు. "ఆఫీసులో అందరికీ చూపిస్తా. నాకూ ఒకటివ్వు. కాకపోతే నాది ఎనిమిదింటి నుంచి ఉండేలా వేసివ్వు."

ఆమె ఒక పుస్తకం తెరిచి, పెన్ను తీసి, ఐదింటి గడిలో నీళ్లు, ఆరింటి గడిలో వంట (అమ్మకి ఉప్పు లేకుండా), ఏడింటి గడిలో పాప జడలు అని గుండ్రంగా రాసి ఆయన చేతికిచ్చింది.

"ఎవరికైనా పేజీ ఒకటేనండీ. మీకు రేపటిది నేనే నింపాను."