అత్తయ్య వేసిన గుప్పెడు నల్లపొడి

మా ఆయన ఎక్కడికెళ్ళినా జేబులో ఇసక పోసుకుని వస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆ చొక్కాలు ఉతకలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఉతికే ముందు జేబు తిరగేసి, ఆ ఇసకని కిటికీ గట్టు మీద కుప్పగా పోస్తున్నాను. పారేస్తే మాత్రం, "అది ఏ వాగుదో తెలుసా నీకు?" అని పెద్ద గొడవ.

ఆయన ఉద్యోగం ఎక్కడో దూరాన సీసాల ఫ్యాక్టరీలో. నెలకోసారి వచ్చి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, మళ్ళీ ఖాకీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు. ఆ సంచి చూస్తే నాకు ఒళ్ళుమంట. అందుకే ఒకసారి వచ్చినప్పుడు, "మన వాగు ఇసకతో అద్దాలు చెయ్యొచ్చే. ఇక్కడే, మన పెరట్లోనే" అని ఆయన అంటుండగానే, మాట పూర్తికాకముందే సరేనన్నాను. నాకు గాజు గురించి ఏం తెలుసు? నాకు ఆయన ఇంట్లో ఉండాలి. అంతే.

ఫ్యాక్టరీ మేనేజరు మంచివాడు. వానలు మొదలయ్యేదాకా ఆయన చోటు ఇంకొకరికి ఇవ్వనన్నాడు. ఆలోగా మా అద్దాలు నిలబడాలి. లేదంటే మళ్ళీ సంచే.

సరుకంతా చుట్టుపక్కలదే. ఇసక వాగుది. సున్నపురాయి రోడ్డు పక్క క్వారీది. సోడా కోసం చౌడు నేలల్లో తెల్లగా పొంగిన పైమట్టి గీకి తెచ్చి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి తీశారు. పెరట్లో రేకుల షెడ్డు వేసి ఇటుకల బట్టీ కట్టారు. కరిగిన గాజుని ఇనపబల్ల మీద పోసి, బరువైన రోలరుతో పలకలా ఒత్తాలి. అది పగలకుండా ఇంకో బట్టీలో నిదానంగా చల్లారాలి. తర్వాత తడి ఇసకతోనూ, ఎర్రటి మెరుగుపొడితోనూ రుద్దుతూ పోవాలి. రుద్ది రుద్ది మా ఇద్దరి భుజాలూ పడిపోయాయి. కానీ ఆ బల్లకి చెరోవైపు నిలబడి మాట్లాడుకున్నన్ని మాటలు, పెళ్ళయ్యాక అన్నేళ్ళలోనూ మేం మాట్లాడుకోలేదు.

వెనక వెండి పూత నా పని. వెండి అత్తయ్యది. చిన్నప్పుడు ఆవిడ పాలు తాగిన గిన్నె. కొడుకు మొహం చూసి ఇచ్చేసింది కానీ, అది ఆసిడ్‌లో కరిగిపోతుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆ నీళ్ళలో కలపాల్సినవి కలిపి, చక్కెర నీళ్ళతో సహా గాజు మీద పోశాను. మొదట మురికిగా, తర్వాత నల్లగా మారి, ఉన్నట్టుండి అందులోంచి మా అత్తాకోడళ్ళ మొహాలు రెండూ బయటికొచ్చాయి.

"నా గిన్నెలో నువ్వెందుకు కనబడుతున్నావు?" అంది అత్తయ్య.

ఆ రోజునుంచి ఆవిడ మా కార్ఖానాలో వాటాదారు. ప్రతిదాంట్లోనూ వేలు పెట్టేది.

మొదటి అద్దం మా అన్నయ్యకి ఇచ్చాం. బజారు వీధిలో సెలూన్ ఆయనది. "చూడు బావా, నీ అద్దం నా గోడ మీద నిలబడితే ఈ వీధిలో ప్రతి కొట్టూ నీదే. నిలబడకపోతే మాత్రం మొహమాటం లేదు, దింపేస్తా" అని ముందే చెప్పాడు. అన్నయ్య మాట కరుకే కానీ అబద్ధం ఉండదు.

వారం తిరక్కుండానే, మెడలో టవలుతో సహా మా పెరట్లోకి ఊడిపడ్డాడు.

"నా కుర్చీలో కూర్చున్నవాడల్లా ఆకుపచ్చగా కనబడుతున్నాడు! రిటైరైన మాస్టారు అద్దంలో చూసుకుని, సగం గడ్డంతో లేచి డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. సగం గడ్డంతో! ఆ డాక్టరు నాకు థాంక్స్ చెప్పి పంపించాడు, బేరాలు పెరిగాయట!"

నేను నవ్వాపుకోలేక షెడ్డు వెనక్కి వెళ్ళాను. మా ఆయన మాత్రం తల గోక్కుంటూ, "ఇసకలో ఇనుముంది బావా, దాని రంగు అది" అన్నారు.

"ఇనుముంటే గేట్లు చేసుకో! నా మొహాన ఎందుకు కొట్టావు?"

చివరికి ఇంకొక్క అవకాశం ఇచ్చి వెళ్ళాడు. అదీ నా మొహం చూసి.

ఈసారి మా ఆయన కొండవైపు వెళ్ళి నల్లరాళ్ళు ఏరుకొచ్చారు. ఆ రాతిపొడి పిసరంత వేస్తే గాజులో ఆకుపచ్చ విరిగిపోతుందట. సీసాల ఫ్యాక్టరీలోనూ అదే వాడేవారట. రోట్లో మెత్తగా దంచి, జల్లించి, చిటికెలతో లెక్కపెట్టి గాజుసరుకులో కలిపారు. అత్తయ్య పీట మీంచి అంతా చూస్తూనే ఉంది.

పలక చల్లారి, మెరుగు పెట్టి, పూత వేసి తిప్పి చూద్దుము కదా, మా ఇద్దరి మొహాలూ గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి. బట్టీ సెగకి మాడిన ఆయన కనుబొమలు కూడా అందంగానే ఉన్నాయి.

"ఇలా ఎలా వచ్చింది?" అని ఆయన బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, అత్తయ్య నింపాదిగా చెప్పింది. "నువ్వు వేసింది గోటికి కూడా అంటలేదురా. చిన్నప్పటినుంచీ నీది పిసినారి చెయ్యే. నువ్వు అటు తిరగ్గానే నేనో గుప్పెడు వేశాను."

ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి, ఆయన తేరుకునేలోగా రిక్షాలో ఎక్కించి అన్నయ్య సెలూన్‌కి పంపేశాను.

ఇక చూడండి సంబరం! ఆ అద్దం ముందు కూర్చున్న ప్రతివాడూ పెళ్ళికొడుకే. మాస్టారు రోజూ గడ్డానికి రావడం మొదలుపెట్టారు, గడ్డం ఉన్నా లేకపోయినా. బట్టల కొట్టువాళ్ళు నిలువుటద్దం కావాలన్నారు. చెప్పుల కొట్టువాళ్ళకి కూడా మొహం చూపించే అద్దమే కావాలట. అన్నయ్య గాల్లో తేలిపోతున్నాడు. నేను సంచి తీసి అటక మీద పడేశాను.

మా ఆయన మాత్రం మొహం మాడ్చుకుని తిరుగుతున్నారు. ఒక సాయంత్రం మెల్లిగా అన్నారు: "అది దింపేసి వేరేది పెడతానే. అది అద్దం కాదు."

"మీకేమైనా పిచ్చా? ఊరంతా అదే కావాలంటుంటే!"

"ఉన్నది ఉన్నట్టు చూపించకపోతే అద్దమెందుకు? ఇవే చేస్తూ కూర్చోవడం కంటే సీసాలు చేసుకోవడం నయం. లోపలేముందో అందులో కనబడుతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే వెళ్ళండి! మీ సీసాల దగ్గరికే వెళ్ళండి!" అని అరిచేసి లోపలికెళ్ళి ఏడ్చాను. ఆయన మంచితనం మీద నాకు కోపం రాలేదు. ఆ మంచితనం నన్ను వదిలి వెళ్ళడానికి కూడా సిద్ధపడింది కదా, అదీ నా ఏడుపు. తర్వాత ఇద్దరం మాటల్లేకుండానే పలకలు రుద్దాం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, బట్టల కొట్టువాళ్ళ కొలతలు చెప్పడానికి అన్నయ్య వచ్చాడు. పెరట్లో ఎండలో నిలబడి మాట్లాడుతున్నాడు. నేను మాట వినడం మానేసి అన్నయ్య మొహాన్నే చూస్తున్నాను.

"అన్నయ్యా, నీ కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"పసుపు రాసినట్టున్నాయి!"

"పోవే! పొద్దున్నుంచీ అద్దం ముందే ఉన్నాగా, పువ్వులా ఉన్నాను. కాస్త నీరసంగా ఉంది, అన్నం సయించట్లేదు, అంతే."

చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కామెర్లు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా? రోజంతా అద్దం ముందు నిలబడేవాడివి, ఒక్కసారైనా మొహం చూసుకోలేదా?" అని డాక్టరుగారు చీవాట్లు పెట్టారు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదట. మంచం దిగొద్దని, పథ్యం తప్పొద్దని గట్టిగా చెప్పారు. అన్నయ్య నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా షెడ్డులోకి వెళ్ళాను. "బట్టీ వెలిగించండి. మీరన్న అద్దమే చేద్దాం. అది ఎవరికీ నచ్చక మీరు వెళ్ళాల్సొస్తే... అప్పుడు ఏడుస్తాను. ఇప్పుడు మాత్రం చెయ్యండి" అన్నాను. ఆయన దగ్గరికొచ్చారు. నా తల మీద చెయ్యి వేశారు, ఇసక చెయ్యి. జుట్టంతా గరగరలాడింది.

పొడి కలిపే వేళకి అత్తయ్య పీటతో సహా తయారు.

"అత్తయ్యా, చేతులు చూపించండి."

"నా చేతుల్లో ఏముంది?"

"రెండోది కూడా."

ఆవిడ గొణుక్కుంటూ గుప్పిట విప్పి పొడి నా చేతిలో పోసింది.

అన్నయ్య కోలుకుని కొట్టు తెరిచేనాటికి ఆకాశం మబ్బు పట్టింది. కొత్త అద్దాన్ని గోడకి బిగించి, పైన గుడ్డ కప్పి ఉంచాం. గుడ్డ తియ్యగానే అన్నయ్య బుగ్గలు తడుముకున్నాడు.

"నా మొహం ఇంత పీక్కుపోయిందా బావా?"

"పోయింది బావా."

"జుట్టు కూడా నెరిసింది."

"నెరిసింది."

"ముక్కు వంకరగా ఉంది!"

"అది పుట్టుకతోనే అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య నవ్వలేదు. అద్దానికి దగ్గరగా జరిగి, వేలితో కంటికింద రెప్ప లాగి, కన్ను లోపల చూసుకున్నాడు. తర్వాత రెండో కన్ను. మళ్ళీ మొదటిది.

"తెల్లగానే ఉన్నాయి కదే?" నావైపు తిరిగి అడిగాడు.

"తెల్లగానే ఉన్నాయి అన్నయ్యా."

"అయితే ఉండనీ. ఇదే ఉండనీ." కళ్ళు తుడుచుకుని, కుర్చీ దులిపి, గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారిని పిలిచాడు. ఆయన కూర్చుని, చూసుకుని, పెదవి విరిచి, "వయసు మీద పడిందోయ్" అన్నారు. మర్నాడు కూడా వచ్చారు. డాక్టరుగారు తన గదికి అలాంటిదే ఒకటి కావాలని కబురు పెట్టారు. బట్టల కొట్టువాళ్ళు కాస్త సణిగారు కానీ, వాళ్ళూ అదే తీసుకున్నారు.

గులాబీ అద్దం అత్తయ్య గదికి చేరింది. "నా గిన్నె నాకొచ్చేసింది" అని ఆవిడ పొద్దున్నే దాని ముందు తీరిగ్గా జడ వేసుకుంటోంది. ఆవిడ లేనప్పుడు నేను కూడా ఒకసారి తొంగిచూస్తాను, అబద్ధమాడను.

మొదటి వాన పడ్డ రోజు అటక మీంచి సంచి దింపాను. గొడుగు పట్టుకుని కొండవైపు వెళ్ళి, దానినిండా నల్లరాళ్ళు ఏరుకొచ్చి, షెడ్డులో ఆయన ముందు ధబ్బుమని పడేశాను.

"అయ్యో, అందులోనా? ఇంక బట్టలు పెట్టుకోవడానికి పనికొస్తుందా అది?"

"బట్టలు పెట్టుకుని ఎక్కడికి వెళ్తారు?"

ఆయన నావైపు చూశారు, సంచివైపు చూశారు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, జేబు తనే తిరగేసి, ఇసకంతా గట్టు మీద పోశారు.