యాడికని అడిగితే

మా నలుగురి టీముకు నేనే కెప్టెన్ని. ఫోన్లో ఆడే యుద్ధమే అయినా, కాల్బలం పద్ధతులన్నీ నెట్‌లో చదివి, పుంగనూరులోని మా జెరాక్స్ షాపు గోడకు అంటించాను. ఒకరు పరిగెత్తుతుంటే మిగతావాళ్లు కాల్పులు జరుపుతూ కాపు కాయాలి. పరిగెత్తేవాడు ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకపోతే అడిగి తీరాలి.

మదనపల్లె పోటీలో ఫైనల్ దాకా వచ్చాం. మా టీములోని కుప్పం కుర్రాడు సురేంద్ర ఆటలో గోడ చాటు నుంచి పరుగు తీశాడు. కాపు కాస్తున్న నవనీత నియమం ప్రకారమే అడిగింది.

"యాడికి పోతాండావు?"

సురేంద్ర ఆగిపోయాడు. గోడ చాటుకు తిరిగొచ్చి, ఫోను పక్కన పెట్టి, సీసా మూత తీసి నీళ్లు తాగాడు. ఆ గుక్క మింగేలోపు అవతలివాళ్లు మా నలుగురినీ కాల్చేశారు.

"పోతాంటే ఎనకనించి యాడికని అడిగితే ఎట్ల పోయేదప్పా? పని చెడతాది," అన్నాడు.

"తుపాకీ పట్టుకున్నోడికి శకునాలు యాల?" అని అందరి ముందూ కడిగేశాను. అంతటితో ఊరుకోక, మూఢనమ్మకాలున్నవాడు టీముకు పనికిరాడని గోడ మీద ఇంకో కాగితం అంటించాను.

మరుసటి ఆదివారం కుప్పంలో పోటీ. పొద్దున్నే చెప్పులేసుకుని గేటు తీశాను. వెనక నుంచి అమ్మ, "యాడికి నాయనా?" అంది.

లోపలికొచ్చి కూర్చున్నాను. గ్లాసుడు నీళ్లు తాగి బయల్దేరేసరికి బస్సు వెళ్లిపోయింది. పోటీ మొదలయ్యేలోపు చేరేలా ఇంకో బస్సు లేదు.

కుప్పంలో మాకోసం చూస్తున్న సురేంద్రకు ఫోన్ చేసి, బస్సు ముందే వెళ్లిపోయిందని చెప్పాను. అతను నవ్వలేదు.

"నీళ్లు తాగినావా అప్పా?" అని మాత్రం అడిగాడు.