నాలుగో తీగ కింద పెద్దాయన

ఆదివారం పదకొండింటికల్లా వదిన హోటల్ హాలుకి వచ్చి, బేస్ గిటారును సంచిలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి వైరు తగిలించేది. చెక్కను తుడిచేదే తప్ప తీగల జోలికి పోయేది కాదు. ఆ తీగలు మార్చి ఎనిమిదేళ్ళయింది. బేస్ వాయించేవాళ్ళకి ఈ పిచ్చి కొంచెం ఉంటుంది లెండి. మిగతా గిటార్ల వాళ్ళు నెలకోసారి కొత్త తీగలు కడుతుంటే, వీళ్ళు మాత్రం అసలు మెత్తదనమంతా పాత తీగల్లోనే ఉందని భీష్మించుకుని కూర్చుంటారు. వదిన పట్టుదలకి ఇంకో కారణం కూడా ఉంది. ఆవిడ మొగుడు ఆ తీగల్లో ఉన్నాడు.

బ్యాండులో అందరికీ ఆవిడ వదినే. పాటలు పాడేది సొంత మరిది కాబట్టి ఆ పిలుపు అతనితో మొదలైంది. తర్వాత కీబోర్డు వాయించే కళ్ళజోడు, హోటల్ మేనేజరు, బల్లలు తుడిచే ముసలాయనా అదే పట్టుకున్నారు. మొగుణ్ణి అందరూ పెద్దాయన అనేవారు. డ్రమ్ములు ఆయనవి. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, ఆఖరి పాటయ్యాక, కర్రలు సంచిలో సర్దుకుంటూనే స్టూలు మీంచి పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు డాక్టర్లు.

మూడు వారాల తర్వాత బ్యాండు డ్రమ్ములు లేకుండానే మళ్ళీ స్టేజీ ఎక్కింది. వదిన నాలుగో తీగ, అన్నిట్లోకీ లావుపాటిది, మీటింది. దాని కిందనుంచి పెద్దాయన కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము ధబ్బుమని మోగింది. కళ్ళజోడు తలెత్తి, "ఆ, వచ్చేశాడు," అని తన పనిలో పడ్డాడు. మేనేజరు ఖాళీ స్టూలు పక్కన ఎప్పట్లాగే నీళ్ళ సీసా పెట్టించాడు. ఇంకో డ్రమ్మరును వెతకాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అలా రెండేళ్ళు నడిచింది. ఈ నెలన్నరగా పెద్దాయన వెనకబడుతున్నాడు.

ఎంతో కాదు, వెంట్రుకవాసి. తెలిసేది వదినకొక్కదానికే. బేస్ వాయించేవాళ్ళ పనే అది, పెద్ద డ్రమ్ముతో అడుగులో అడుగేసి నడవడం. పెద్దాయన కాలూ ఆవిడ వేలూ ఒకేసారి పడితే రెండూ కలిసి ఒకటే దెబ్బగా వినిపిస్తాయి. కాలు ఆలస్యమైనప్పుడు వేలు కూడా ఆ కాస్తా ఆగిందంటే ఇక ఎవరికీ అనుమానం రాదు. వదిన ఆగేది. పాతికేళ్ళు కాపురం చేసిన చెయ్యి, దానికి ఒకరు నేర్పక్కర్లేదు.

కానీ పాటలు నీరసపడ్డాయి. మేనేజరు మొహమాటపడుతూనే చెప్పేశాడు. "వదినా, పాటలు ఈడుస్తున్నారు. తినేవాళ్ళు ఆవలిస్తున్నారు. ఇలాగైతే ఆదివారాలు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

మరిది మొహం మాడ్చుకున్నాడు. "తీగలు చచ్చిపోయాయి వదినా. మార్చేద్దాం."

"మారిస్తే మీ అన్నయ్య ఏమవుతాడు?"

మరిది నాలిక కరుచుకున్నాడు. గిటారు మోత బయటికి పలికే ఆంప్ పెట్టె ఎత్తుకుని మెట్లెక్కుతూ మధ్యలో దింపి ఒక్క నిమిషం కూర్చున్నాడు. ఇదివరకు ఒక్క ఊపున ఎక్కేసేవాడు. వదిన చూసింది గానీ పట్టించుకోలేదు.

మర్నాడు గిటారును వాద్యాలు బాగుచేసే మేస్త్రి దుకాణానికి తీసుకెళ్ళింది. మేస్త్రి పెద్దాయనకి చిన్ననాటి స్నేహితుడు. గిటారును కంటికి ఎదురుగా పట్టుకుని, మెడ పొడుగునా ఒంటికన్నుతో చూశాడు. "మెడ కాస్త వంగిందమ్మా," అని లోపలి ఇనుప చువ్వని పావు చుట్టు బిగించాడు. "తీగలు ముట్టుకోలేదు, కంగారుపడకు. ఏదీ, వాయించు."

వాయించింది. పెద్దాయన అడుగు పొల్లుపోలేదు. పావుగంట వాయించినా అంతే. వదిన ప్రాణం కుదుటపడింది. ఈలోగా ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి మరిది వచ్చాడు. వచ్చినవాడు కుర్చీ చూసుకోకుండా, అలవాటు ప్రకారం, గిటారు తగిలించి ఉన్న ఆంప్ పెట్టె మీద కూర్చున్నాడు. పెద్దాయన కాలు వెనకబడింది. వదిన వేలు దానంతటదే ఆగింది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు మేస్త్రి. ఆవిడ చెయ్యి కప్పేసింది కదా, ఆయనకేం తెలుస్తుంది?

"ఒకసారి లేచి నిలబడవయ్యా," అంది వదిన.

మరిది లేచాడు. దెబ్బ సరిగ్గా పడింది. కూర్చోమంది. వెనకబడింది.

ఈ వెనకబాటు ఆవిడకి కొత్త కాదు. పెద్దాయన బతికున్నప్పుడు, ఆఖరి నాలుగు నెలలూ, ఇలాగే వెంట్రుకవాసి ఆలస్యంగా తొక్కేవాడు. అలిసిపోతున్నాడనుకుంది. మేనేజరుకి తెలిస్తే ఇంకొకణ్ణి పెడతాడని భయపడింది. అందుకని వేలు ఆపి ఆపి వాయించి అంతా కడుపులో దాచుకుంది. ఇంట్లో కూడా ఏంటని అడగలేదు. ఒకరోజు ఆయనే నవ్వుతూ, "నన్ను భలే మోస్తున్నావే," అన్నాడు. ఆ మాటకి వారంరోజులు పొంగిపోయింది. ఆ వారంలో డాక్టరు దగ్గరికి ఏడుసార్లు వెళ్ళిరావచ్చు. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి తన చెయ్యంటేనే అసహ్యం వేస్తుంది.

ఇంటికి వెళ్ళే దారిలో మెల్లగా చెవిన వేసింది. "ఒకసారి గుండె చూపించుకో."

"నాకేం వదినా, దుక్కలా ఉన్నాను. ముందు నువ్వు తీగల సంగతి చూడు."

మళ్ళీ చెప్పింది. మళ్ళీ నవ్వేశాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే నవ్వు.

ఆదివారం హాలు నిండింది. మరిది మైకు పట్టుకుని, ఒక కాలు ఆంప్ పెట్టె మీద వేసి పాట ఎత్తుకున్నాడు. రెండో పాటకే పెద్దాయన బాగా వెనకబడ్డాడు. వదిన వేలు ఆగబోయింది. పళ్ళ బిగువున దాన్ని ముందుకు తోసింది. ఈసారి కప్పలేదు. ముందు వేలు, తర్వాత కాలు. ముందు వేలు, తర్వాత కాలు. కుంటివాడు మెట్లు దిగుతున్నట్టు పాట తడబడింది. తినేవాళ్ళు చెంచాలు ఆపి చూశారు. మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు.

మరిది మండిపడుతూ వెనక్కి తిరిగాడు. "ఏంటిది వదినా?"

"కాలు తియ్యి."

తీశాడు. రెండు దెబ్బలూ ఒకటయ్యాయి.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. దెబ్బ రెండుగా చీలింది. కాసేపటికి ఒక దెబ్బ అసలు రానేలేదు. అక్కడ పెద్ద ఖాళీ. వదిన చెయ్యి తీసేసింది.

"నీ గుండె ఎలా కొట్టుకుంటోందో మీ అన్నయ్య అలాగే తొక్కుతున్నాడు. ఆయనదీ ఆఖర్న ఇలాగే ఉండేది. నాకు తెలుసు. ఎవరికీ వినపడకుండా నేనే కప్పెట్టాను."

మైకు ఆన్‌లోనే ఉండటంతో హాలంతా విన్నది. మరిది మొహంలో నెత్తుటిచుక్క లేదు. కళ్ళజోడు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. మేనేజరు కారు తాళాలు తీశాడు.

ఇంకో పది రోజులు ఆగి ఉంటే మాకు పనుండేది కాదన్నాడు డాక్టరు. గురువారం ఉదయం ఆపరేషన్ పెట్టుకున్నారు. వదిన ఆసుపత్రి వరండాలో, ఆపరేషన్ గది గోడకి ఆనించిన బల్ల మీద గిటారును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆంప్ లేదు కాబట్టి చెక్కకి చెవి ఆనించి నాలుగో తీగ మీటింది. లోపల, చాలా దూరంలో, పెద్దాయన కాలు పడుతోంది. ఆలస్యంగా, తడబడుతూ, మధ్యమధ్యలో ఆగిపోతూ. వదిన ఆయన కోసం ఆగలేదు. వేలిని సూటిగా నడిపించింది. రండి, నా వెంట రండి అని లోపల బతిమాలుకుంది. వేలి కొస బొబ్బెక్కి పగిలింది.

పదకొండు దాటాక, కాలు వచ్చి సరిగ్గా ఆవిడ వేలి మీద పడింది. మళ్ళీ పడింది. ఎనిమిది దెబ్బలు లెక్కపెట్టింది, ఒక్కటీ తప్పలేదు. తొమ్మిదోది రాలేదు. పదోదీ రాలేదు. తీగ ఉత్త తీగలా మోగింది.

తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చాడు.

"బతికాడమ్మా," అన్నాడాయన.

వదిన తలూపింది. తర్వాత గిటారును కావలించుకుని ఏడ్చింది. అటుగా వెళ్ళే నర్సు అవి సంతోషంతో వచ్చిన కన్నీళ్ళనుకుంది. సగం నిజమే. మిగతా సగం, మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకున్న మనిషి ఏడుపు.

మూడు నెలలకి మేస్త్రి కొత్త తీగలు కట్టాడు. పాతవి చుట్టచుట్టి ఇస్తే వదిన బీరువాలో దాచుకుంది. డ్రమ్ములకి ఒక అమ్మాయి వచ్చింది. చక్కగా, పొల్లుపోకుండా వాయిస్తుంది. మరిది కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండా పాడాడు. రిహార్సల్ నాలుగు పాటలు సాగాక చెయ్యెత్తి ఆపాడు.

"వదినా, నువ్వు వెనకబడుతున్నావు."

కళ్ళజోడు గుడ్లురిమాడు. డ్రమ్ముల అమ్మాయి తల దించుకుంది. వదిన తన వేలికేసి చూసుకుంది. నిజమే. ఆగుతోంది. రాని కాలు కోసం ప్రతి దెబ్బకీ వెంట్రుకవాసి ఆగుతోంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"రెండో పాటనుంచీ. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

వదిన పొడిగుడ్డతో ముందు కళ్ళు, తర్వాత తీగలు తుడిచింది.

"రెండో పాటప్పుడే చెప్పాల్సింది కదయ్యా," అంది. "పదండి, మొదట్నుంచి."